పొయ్యి మాట

రుక్కికి పెళ్లి చేస్తున్నామని ఎవరూ చెప్పలేదు. ఏడవడం నేర్పించారు. దాన్నిబట్టి తెలుసుకుంది.

అప్పుడామెకు పద్నాలుగేళ్లు. తండాలో ఆడపిల్ల అత్తారింటికి పోయే రోజు ఊరికే ఏడిస్తే చాలదు, పాట కట్టి ఏడవాలి. దాన్ని ఢావలో అంటారు. యాడీ అంటూ తల్లికో మాట, తండ్రికో మాట, అన్నకో మాట, కొట్టంలోని కోడెదూడకో మాట. ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులు వేసి, పోలిక పెట్టి, రాగం తీసి ఏడవాలి. ఏడుపు రాని పెళ్లికూతురంటే తల్లికి తలవంపులు. అందుకని పెళ్లి ఖాయమయ్యాక ఇంట్లోని ముసలమ్మ పిల్లను వెనక కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా నేర్పుతుంది. రుక్కిని వాళ్ల నాయనమ్మ ఒక సాయంత్రం పిలిచి, "నేనన్నట్టు అను" అంది. రుక్కి అంది. ఆ ఏడుపు తనదేనని అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది.

ఇరవై నాలుగేళ్ల తర్వాత, ఫిబ్రవరి నెలలో ఒక మంగళవారం, కేసముద్రం మార్కెట్ యార్డులో పని దిగి ఆటోలో తండాకు వచ్చిన రుక్కికి తన ఇంటి వెనక నుంచి అదే ఏడుపు వినిపించింది.

ఆగి విన్నది. పశువుల కొట్టం అవతల ముందు అత్త జమ్లి గొంతు, దాని వెంటే తన బిడ్డ సంగీత గొంతు.

"నేను నీ గోనెల ఉప్పును యాడీ..."

"నేను నీ గోనెల ఉప్పును యాడీ..."

"ఏ ఊరి నీళ్లల్ల కలుపుతున్నవు యాడీ..."

రుక్కి చేతిలోని సద్ది గిన్నె గోడకు తగిలి టంగుమంది. రెండు గొంతులూ ఒక్కసారే ఆగిపోయాయి. ఆమె మూల తిరిగి వచ్చేసరికి సంగీత నోటుబుక్కు మూసి చున్నీ కింద పెట్టుకుంటోంది. జమ్లి బర్రె వైపు తిరిగి, లేని ఈగలను తోలుతోంది.

"ఏం చేస్తున్రు?"

"ఏం లేదు యాడీ. రివిజన్."

"దాదీతోనా రివిజన్?"

"ఆఁ. ఇంగ్లిష్."

జమ్లికి తెలుగులో తన పేరు రాసుకోవడం రాదు. మార్కెట్‌కు పోతే తప్ప తెలుగు మాట్లాడే పనే లేదు, ఇంట్లో అంతా లంబాడీ భాషే.

"నీకు ఇంగ్లిష్ ఎప్పటి నుంచి వస్తుందత్తా?"

"నాకేమొస్తదే," అంది జమ్లి ఈగలను తోలుతూనే. "పొల్ల అడిగింది, చెప్తున్న. అలసిపోయి వచ్చినవు, నీకు చాయ పెట్టాల్నా?"

అత్త తనంతట తానే చాయ పెడతాననడం ఈ ఇరవై నాలుగేళ్లలో ఇది రెండోసారి. మొదటిసారి రుక్కి భర్త సక్రును మట్టి చేసి వచ్చిన రోజు.

రుక్కి చాయ సగం తాగి గ్లాసు పక్కన పెట్టింది.

ఆమె అనుమానానికి ఒక పేరుంది. జైసింగ్. సక్రు అన్న. ఇల్లు పక్కనే, మధ్యలో నడుమెత్తు గోడ. మొన్న దీపావళికి అతను ఘనపూర్ నుంచి ఒక సంబంధం మాట తెచ్చాడు. పిల్లవాడు హరీశ్, భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు. "పదో తరగతి పరీక్షలు కానియ్యి, ఇంటర్ కానియ్యి, ఆ తర్వాత సూద్దాం" అని రుక్కి అత్తతో చెప్పించింది. బావ ముఖం చూసి మాట్లాడే ఆచారం ఆమెకు లేదు. బావ ఎదురైతే కొంగు ముఖం మీదికి లాక్కోవాలి. చెప్పాల్సిందేదైనా ఉంటే అత్తకు చెప్పాలి. ఆయన అక్కడే ఉండి వింటాడు, జవాబు కూడా అత్తకే చెబుతాడు. దీపావళి రోజు ఆయన జవాబు ఒకటే మాట. "సూద్దాం."

ఆ 'సూద్దాం'లో ఎన్ని రోజులున్నాయో రుక్కి అప్పటి నుంచి లెక్కపెట్టుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున ఇంకో సంగతి కంటబడింది. జమ్లి తన పాత రేకుపెట్టె తెరిచి, పెళ్లినాటి అద్దాల లంగా దండెం మీద ఎండకేసింది. సంగీత దాని పక్కన నిలబడి ఒక్కో అద్దాన్నీ వేలితో తడిమి చూస్తోంది.

"ఇప్పుడెందుకు తీసినవత్తా?"

"పురుగు పట్టదా మరి?"

ఆ సాయంత్రం మూడోది. పండుగా కాదు, పబ్బమూ కాదు, ఉత్త బుధవారం. జైసింగ్ కిలో మటన్ తెచ్చి గోడ మీదుగా తల్లి చేతికిచ్చాడు. "తిను యాడీ, ఒంట్ల సత్తువ లేకుండ అయినవు" అన్నాడు. కొడుకుకు తల్లి సత్తువ మీద ఇంత ధ్యాస ఎప్పుడు కలిగిందో రుక్కికి తెలియదు. జమ్లి మటన్ వండి, రెండు ముక్కలు ఎక్కువే వేసుకుని తిన్నది. రుక్కి ముట్టలేదు.

గురువారం యార్డులో మక్కల కుప్ప దగ్గర చాట పట్టుకున్నా చేయి సాగలేదు. పక్కన పనిచేసే ఓదెమ్మ కనిపెట్టింది. ఓదెమ్మకు అరవై దాటాయి. యార్డులో ఎవరి ఇంట్లో ఏం ఉడుకుతోందో వాసన చూసి చెప్పగలనంటుంది.

"ఏమైందే పొల్లా? మక్కల పొట్టు గాలికి పోతలేదు, నీ పాణమే పోతున్నట్టున్నది."

రుక్కి చెప్పింది. ఏడుపు పాట, లంగా, మటన్.

ఓదెమ్మ చాట కింద పెట్టేసింది. "ఇంకేముందే? అయిపోయింది. మా దిక్కయితే పసుపు దంచినంక తెలుస్తది, మీ దిక్కు ఏడుపు నేర్పితే తెలుస్తది. పిల్ల ఏమంటున్నది?"

"రివిజన్ అంటున్నది."

"పిల్ల గూడ కలిసిందన్నట్టు. ఆ లారీ పోరడు ఫోన్ల మాట్లాడుతున్నడేమో సూడు. ఈ కాలం పిల్లలను నమ్మద్దే రుక్కీ. నా మనుమరాలు నా ముంగటనే కూసుండి నవ్వుతది, ఎవనితోని నవ్వుతుందో నాకు తెల్వదు."

"నా బిడ్డ అట్లాంటిది కాదక్కా."

"ఎవలి బిడ్డ అట్లాంటిది? అందరి బిడ్డలూ బంగారమే. బుక్కు దాసిపెట్టిందన్నవు కద, ఆ బుక్కు సూడు. నీకు సదువచ్చు కద."

చదువంటే ఎంత? సక్రు పోయిన మరుసటేడు, సంగీత అయిదో తరగతిలో ఉన్నప్పుడు, తల్లికి పలక మీద అక్షరాలు దిద్దించింది. తప్పు రాస్తే "మళ్లీ రాయి" అని తల్లి చేతి మీద చిన్న దెబ్బ కూడా వేసేది. బస్సు బోర్డు చదవడం, పేరు రాయడం, పెళ్లిపత్రిక కూడబలుక్కోవడం దాకా వచ్చింది. అక్షరాలు నేర్పిన పిల్లే ఇప్పుడు బుక్కు దాస్తోంది. రుక్కిని అన్నిటికన్నా ఎక్కువ గుచ్చింది అదే.

ఆ సాయంత్రం సంగీత స్నానానికి పోగానే రుక్కి సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఎడమ పేజీలో తెలుగు అక్షరాలు. కుడి పేజీలో ఇంగ్లిష్, దాని మీద ఎర్ర ఇంకు గీతలు. ఎడమ పేజీ మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. అక్షరాలు తెలుగువే, మాటలు మాత్రం తెలుగు కాదు. రెండో వరుసకు ఒళ్లు జల్లుమంది. తమ భాషకు లిపి లేదని ఆమె ఎప్పుడూ వినేది. తన ఇంటి మాట కాగితం మీద ఉండగా చూడటం ఆమెకు ఇదే మొదలు. ఆ మొదటిది కూడా ఏడుపే.

తల్లి మాట ఉంది. తండ్రి మాట ఉంది. ఉప్పు గోనె ఉంది. 'నేను నీ లంగా అద్దాన్ని యాడీ, నన్ను ఊడదీసి ఎవరి ముఖానికి పెడుతున్నవు' అని ఉంది. అన్నలు లేని పిల్లకు అన్నల మాట కూడా ఉంది. మొత్తం తొమ్మిది. అడుగున, ఎర్ర ఇంకుతో, తెలుగులో ఇంకెవరి చేతిరాతో: 'సోమవారం లోపు పూర్తి చెయ్యాలి.'

ఏం పూర్తి చెయ్యాలి? ఎవరు రాశారు?

రుక్కి పేజీ తిప్పింది. పదో మాట లేదు. పొయ్యి మాట లేదు.

ఢావలోలో చివరిది పొయ్యి మాట. పుట్టింటి పొయ్యికి దండం పెట్టి, ఇక నీ నిప్పు నాది కాదని చెప్పే మాట. పిల్లను ఇస్తామని ఇంటివాళ్లు మాట ఇస్తే తప్ప దాన్ని పిల్ల నోట పెట్టరు. తనకు దాన్ని పెళ్లికి రెండు రోజుల ముందు నేర్పారు. అంటే ఇంకా రోజులున్నాయి. సోమవారం దాకా ఉన్నాయి.

శుక్రవారం ఆమె పనికి పోలేదు. హైస్కూలుకు పోయింది.

పదో తరగతి గది వరండా చివర ఉంది. లోపలికి పోకుండా కిటికీ పక్కన నిలబడింది. ఇంగ్లిష్ చెప్పే సారు ఇమ్మానుయేల్, జఫర్‌గఢ్ మనిషి, చేతిలో కాగితాల కట్ట పట్టుకుని గది మధ్యలో తిరుగుతున్నాడు.

"నలభై ఒక్కమంది. నలభై ఒక్క కాగితాలు. అందరూ సింహమంత ధైర్యం అని రాశారు. సింహాన్ని ఎవరు చూశారు?"

"జూపార్కుల చూసిన సార్, పడుకొని ఉండె," అన్నాడు ఒకడు.

"మరి ధైర్యం ఎక్కడ కనపడ్డది నీకు? గైడులో కనపడ్డది. కథలకు గైడే, కవితలకు గైడే. పరీక్షలో ఇచ్చేది మీరెప్పుడూ చూడని కవిత. అందులో పోలిక ఎక్కడుందో, ఎందుకుందో చెప్పమంటారు. మీ నోట్లో ఒక పోలిక పుడితేగాని ఇంకొకరి పోలిక మీకు తెలియదు. బడి ముఖం చూడని మనిషి దగ్గర్నుంచి ఒకటి తెమ్మన్నాను. తెచ్చారా? నమ్మరాని మనిషి. దేనిలాగా?"

"పదిన్నర బస్సు లెక్క సార్! పదిన్నరకు తప్ప ఎప్పుడన్న వస్తది."

గదంతా నవ్వింది. సారు కూడా నవ్వి తల తిప్పాడు. కిటికీలో రుక్కిని చూశాడు. నవ్వు ఆగిపోయింది.

బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "ఎవరి తల్లి మీరు?"

"సంగీత తల్లిని సారూ."

ఆయన ముఖం ఇంకాస్త గట్టిపడింది. "అమ్మా, పరీక్షలకు నెల రోజులుంది. ఈ నెలలో తల్లులు ఎందుకొస్తారో నాకు తెలుసు. పోయినేడు ఇద్దరొచ్చారు, పిల్లకు ఆరోగ్యం బాగలేదన్నారు. తర్వాత ఆ పిల్లలను మెడలో పుస్తెలతాడుతో చూశాను. మీరు అదే మాట మీద వచ్చి ఉంటే..."

"నేను అడగనీకి వచ్చింది అదే సారూ," అంది రుక్కి. "నా బిడ్డ బుక్కుల పెండ్లి ఏడుపు రాపించింది ఎవరు? సోమవారం లోపు ఏం పూర్తి చెయ్యాలె?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇమ్మానుయేల్ ముందుగా తేరుకున్నాడు. లోపలికి పోయి ఆ నోటుబుక్కు తెచ్చాడు.

"ఇదా? ఇది రాసింది నేనే. మీ అమ్మాయి మొదట ఇంగ్లిష్‌లో తెచ్చింది. నేను ఉప్పును, నువ్వు నన్ను ఏ ఊరి నీళ్లలో కలుపుతావు అని. చదివి నేను నమ్మలేదు. ఫోన్లో ఎక్కడో చూసి ఎక్కించిందనుకున్నాను. అసలు పాట తెచ్చి చూపించమన్నాను. అందుకే ఈ పక్కన మీ భాషలో రాసింది. ఉప్పు ఎందుకు అని అడిగితే, మీ పెద్దలు ఎద్దుల మీద ఉప్పు గోనెలు మోసుకుని ఊరూరా తిరిగేవారట కదా, అది చెప్పింది. అద్దం ఎందుకంటే లంగా చూసొచ్చి చెప్పింది. కవిత పూర్తిగా తెస్తే సోమవారం క్లాసు ముందు చదివిస్తానన్నాను. ఇందులో పెళ్లేముందమ్మా?"

"ఇదంత పెండ్లే సారూ," అంది రుక్కి. "మీకు తెల్వదు గంతే."

సాయంత్రం తల్లీబిడ్డలు ఒకే ఆటోలో వచ్చారు. తండా దారిలో దిగి నడుస్తున్నప్పుడు రుక్కి అడిగింది.

"నాకెందుకు చెప్పలే?"

సంగీత సంచిని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. తర్వాత, "నువ్వే ఒప్పుకున్నవేమో అనుకున్న" అంది.

"ఏంది?"

"దాదీని ఊకెనే అడిగిన యాడీ, ఒక పోలిక చెప్పమని. ఢావలో చెప్పుడు మొదలుపెట్టింది. నాకు భయమైంది. పెండ్లి ఖాయమైతేనే కద నేర్పుతరు. నీకు తెలిసే నేర్పుతుందేమో, పెద్దబాపు, నువ్వు, అందరు కలిసి ఒప్పుకున్నరేమో అని. నిన్ను అడిగితే అవునంటవని అడగలేదు."

రుక్కి దారి మధ్యలో నిలబడిపోయింది. నాలుగు రోజులుగా తను బిడ్డ ముఖంలో ఏం వెతికిందో బిడ్డ కూడా తన ముఖంలో అదే వెతికింది.

"మరి భయమైతే ఎందుకు నేర్సుకున్నవే?"

"బాగున్నది యాడీ," అంది సంగీత సిగ్గుగా. "సింహం కంటె బాగున్నది."

రుక్కి నవ్వాలనుకుంది. నవ్వు సగం వచ్చి ఆగింది. లంగా సంగతి తెలిసింది, ఎర్ర ఇంకు సంగతి తెలిసింది. మటన్ సంగతి ఇంకా తెలియలేదు.

శనివారం పొద్దుగూకే వేళ అది తెలిసింది. జైసింగ్ గోడ అవతల నిలబడి తల్లిని పిలిచాడు. రుక్కి మూడు అడుగుల దూరంలో అంట్లు తోముతోంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"యాడీ, రేపు ఘనపూర్ వాళ్లు వస్తున్నరు. జర ఇల్లు వాకిలి సక్కగ పెట్టుకొమ్మని రుక్కికి చెప్పు."

"ఎందుకొస్తున్నరో అడుగత్తా."

"ఎందుకేంది? పొల్ల ఢావలో నేర్సుకుంటున్నదని తండ తండంత విన్నది. తల్లి ఒప్పుకోకుంటే నేర్పుతరా? నోటితోని నాతోని చెప్పలేక గిట్ల తెలియజేసిందనుకున్న. ఖాయమని కబురు పెట్టిన."

"అది బడి కోసమని చెప్పు అత్తా! ఇంగ్లిష్ కోసమని చెప్పు. రావద్దని ఫోన్ చెయ్యమను."

జైసింగ్ నవ్వాడు. "పెండ్లి ఏడుపు ఇంగ్లిష్ కోసమట. ఈ మాట ఘనపూర్ వాళ్లకు చెప్తే నా ముఖాన ఉమ్మేస్తరు. కారు మాట్లాడుకున్నరు యాడీ, ఇంటికొచ్చేటోళ్లను ఎట్ల వద్దంటం?"

నిజంగా పొరపాటు పడ్డాడో, పొరపాటును పట్టుకుని వేలాడుతున్నాడో కొంగు చాటు నుంచి రుక్కికి తెలియలేదు. జమ్లి వైపు చూసింది. ముసలమ్మ నేల చూపులు చూస్తోంది. తనకు తెలియకుండా తల్లీకొడుకులు కలిసే ఇదంతా చేశారా? అంత గొంతెత్తి, తండాకంతటికీ వినపడేలా నేర్పింది ఎవరు? మటన్ తిన్నది ఎవరు?

ఆదివారం పది గంటలకు కారు వచ్చింది. హరీశ్ తండ్రి, తల్లి, వెంట ఇంకో పెద్దమనిషి. పిల్లవాడు రాలేదు. మంచాలు వేశారు, చాయలిచ్చారు. జైసింగ్ కొత్త తెల్ల చొక్కా వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. హరీశ్ తల్లి లావుపాటి మనిషి, చేతుల నిండా పాత కాలపు గాజులు. ఇంట్లోని వస్తువులన్నీ ఒకసారి కళ్లతో తడిమి, సంగీతను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎన్ని మాటలొచ్చినయే నీకు?"

"తొమ్మిదొచ్చినయి పెద్దమ్మా."

"కోడెదూడ మాట అను."

సంగీత గొంతు సవరించుకుని అంది. హరీశ్ తల్లి పెదవి విరిచింది. "ఊఁ. మా దిక్కు వేరే తీరున్నది." కళ్లు మూసుకుని తన తీరులో అందుకుంది. కోడెదూడ మెడలో గంటవుతానని, అది తల విదిలించినప్పుడల్లా తన పేరు వినపడాలని. పాట ఆపి కళ్లు తెరిచేసరికి సంగీత నోటుబుక్కు తెరిచి గబగబా రాసుకుంటోంది.

"గంట అన్న తర్వాత ఏమన్నవు పెద్దమ్మా? జర మళ్లీ చెప్పు."

హరీశ్ తల్లి చెంపలు బిగుసుకున్నాయి. "ఏం రాస్తున్నది ఈ పొల్ల? మేమన్న మాటలన్ని రాస్కుంటున్నదా? పదహారేండ్ల పిల్లను అడగనీకి వచ్చినమని రాసి అంగన్‌వాడి మేడంకు ఇయ్యనీకా?"

"అయ్యో, అది దాని సదువు పిచ్చి," అన్నాడు జైసింగ్ కంగారుగా. "బుక్కు లోపల పెట్టు పొల్లా."

పెద్దమనిషి అప్పటికే తలుపు వైపు చూస్తున్నాడు. అయినా హరీశ్ తండ్రి సర్దుకుని, "సరే, మాట్లాడుకుందాం. ఉగాది ఎనుక మంచి రోజులున్నయి" అని మొదలుపెట్టాడు.

రుక్కి తలుపు పక్కన కొంగు చాటున నిలబడి ఉంది. చెప్పడానికి ఒకటే ఉంది ఆమె దగ్గర. గురువారం నాటికి పొయ్యి మాట ఆ బుక్కులో లేదు. ఇవాళ ఆదివారం. ఈ మూడు రోజుల్లో అత్త నేర్పి ఉంటే, పిల్ల ఇప్పుడు దాన్ని పాడితే, ఆ పెద్దమనుషుల ముందు పెళ్లి ఖాయమైనట్టే. ఇక ఎవరికి ఏం చెప్పినా ఎవరూ వినరు. నేర్పి ఉండకపోతే మాత్రం ఈ ఇల్లు మాట ఇవ్వనట్టే. బిడ్డను పక్కకు పిలిచి అడిగే వీలు లేదు. అత్త ముఖం చూస్తే అది మూసిన పెట్టెలా ఉంది.

బావతో మాట్లాడకూడదు. వచ్చిన ఆడమనిషితో మాట్లాడొచ్చు.

"అక్కా," అంది రుక్కి. "పొయ్యి మాట గూడ అడుగు."

జైసింగ్ గిరుక్కున తిరిగాడు. హరీశ్ తల్లి సంతోషంగా తలూపింది. "గదీ, తల్లి అంటే గట్లుండాలె. ఏదమ్మా, పొయ్యి మాట అను."

సంగీత తల్లిని చూసింది, నాయనమ్మను చూసింది. నోటుబుక్కు తిప్పి చూసింది.

"పొయ్యి మాటనా? అదేంది పెద్దమ్మా? అట్లాంటిది ఒకటున్నదా?"

హరీశ్ తల్లి జమ్లి వైపు తిరిగింది. "నేర్పలేదా అవ్వా?"

"నేర్పలే," అంది జమ్లి.

"ఎందుకు నేర్పలే?"

"ఎవలు మాట ఇచ్చిండ్రని నేర్పాలె?"

ఘనపూర్ మనిషికి ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది. ఆమె చాయ గ్లాసు కింద పెట్టి లేచింది. "ఏం జైసింగూ, ఖాయమన్నవు? తల్లి ఒప్పుకున్నదన్నవు? పొయ్యి మాట నోట పెట్టని పిల్ల ఇంట్ల కూసుండి మమ్ములను తారీకులు మాట్లాడమంటవా? తెలిస్తే మా తండల మేము తలెత్తుకుంటమా?"

"అది... యాడీకి యాది లేదు, ముసలిదైంది..."

"తొమ్మిది యాదికున్నదానికి పదోది యాదికుండదా? లెవ్వండి, పోదాం."

కారు మళ్లీ దుమ్ము లేపుకుంటూ పోయింది. జైసింగ్ ఆ దుమ్ములోనే కొంచెంసేపు నిలబడి, ఎవరి వైపూ చూడకుండా తన ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. కారెక్కే ముందు హరీశ్ తల్లి సంగీత బుక్కు వైపు వేలు చూపి, "గంట మాట మాది. మా పేరు రాసి పెట్టు" అని మాత్రం చెప్పింది.

మధ్యాహ్నం రుక్కి అత్తకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. అడగకుండా ఉండలేకపోయింది.

"నువ్వు కావాలనే గొంతెత్తి పాడినవా అత్తా? తండకు వినపడాలని?"

"పాటను సప్పుడు లేకుండ ఎట్ల పాడ్తరే?" అంది జమ్లి.

"మరి ఆయన మటన్ ఎందుకు తెచ్చిండు?"

జమ్లి ఒక ముద్ద నమిలి మింగి, నీళ్లు తాగి, అప్పుడు చెప్పింది. "పొయ్యి మాట గూడ నేర్పమన్నడు. నేర్పినంక తల్లి ఏమంటే ఏంది అన్నడు. మర్చిపోయిన బిడ్డా, ఒంట్ల సత్తువ లేదు, మతి ఉంటలేదు అని చెప్పిన. సత్తువొస్తే యాదికొస్తదని మటన్ తెచ్చిండు."

"తిన్నవు కద!"

"తిన్న. అయినా యాదికి రాలే."

మంగళవారం నుంచి ఈ ముసలిదాని వీపు వంక ఎంత విషం చూపు చూసిందో తలుచుకుంటే రుక్కికి సిగ్గేసింది. అత్త కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

గడప మీద కూర్చుని నోటుబుక్కు దిద్దుకుంటున్న సంగీత అన్నీ వింటూనే ఉంది. పెన్ను మూత పెట్టి లోపలికి వచ్చింది.

"దాదీ, ఇప్పుడు చెప్పు. పొయ్యి మాట ఏంది? రేపు సారుకు చూపియ్యాలె. చివర లేకుంటే కవిత పూర్తి కాదు."

"మర్చిపోయిన అన్న కదనే," అంది జమ్లి కంచంలోకి చూస్తూ.

సంగీత తల్లి వైపు తిరిగింది. "యాడీ, నీకొస్తది కద. నీకు నేర్పిండ్రు కద. నువ్వు చెప్పు."

రుక్కికి ఆ మాట మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నాలుక మీదే ఉంది. ఇరవై నాలుగేళ్లలో ఒక్క ముక్క చెరగలేదు. ఆమె లేచి, ఖాళీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుంది.

"నాకూ యాదికి లేదు బిడ్డా. చివర లేకుండనే రాసియ్యి. ఎందుకు లేదని సారు అడిగితే, అది కూడ రాయి."

సంగీత ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒక్కరి మాట కూడా నమ్మినట్టు లేదు.